గ్రానీ వోల్ట్‌తో గంటన్నర

మా హరికిషన్ ఏం చెప్పినా పదితో భాగించి వినాలి. ఈ లెక్క కట్టింది నేనే. నా పేరు యేసుదాసు, ముప్పై రెండేళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. హరికిషన్ వంద మందిని చూశానంటే పదిమందిని చూసినట్టు. ఇరవై ఇడ్లీలు తిన్నానంటే రెండు తిన్నట్టు. పదిహేనేళ్లుగా మారేడ్‌పల్లి ఇరానీ హోటల్లో సాయంత్రాలు కలిసి చాయ్ తాగుతున్నాం, నా లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ ధైర్యంతోనే శుక్రవారం అయిదింటికి మా క్యారల్‌ని వెంటబెట్టుకుని హోటలుకి వెళ్లాను. క్యారల్ మా తమ్ముడి కూతురు. వీడియో గేముల్లో కొట్లాట ఆటలంటే దానికి ప్రాణం. ఆదివారం మా ఏరియా గేమింగ్ సెంటర్లో ‘బోన్ బజార్’ అనే కొత్త గేము పోటీ ఉంది. జట్టుకి ఇద్దరు. గెలిచిన జట్టుని బెంగళూరులో పెద్ద పోటీకి పంపిస్తారు. క్యారల్, దాని తమ్ముడు ఆషర్ ఆరు నెలలు కూర్చుని ప్రాక్టీసు చేశారు. తీరా బుధవారం ఆషర్ బండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆట వచ్చిన స్నేహితులందరూ అప్పటికే వేరే జట్లలో చేరిపోయారు. ఇవాళ ఆరింటిలోపు రెండో పేరు ఇవ్వకపోతే దీని పేరు కూడా కొట్టేస్తారు. వచ్చే నెల ఉద్యోగంలో చేరుతోంది, ఇక సెలవులూ ఉండవు, పోటీలూ ఉండవు. పొద్దుటి నుంచి పిల్ల అన్నం ముట్టలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, మొన్న హరికిషన్ ఏదో గేములో నూటయాభై మందిని మట్టి కరిపించానని అన్నాడు.

“పెదనాన్నా, నిజంగా నూటయాభై మందినా?” దారిలో అడిగింది క్యారల్.

“కాదమ్మా, పదిహేను. పదిహేను మాత్రం ఖాయం.”

“పదిహేనైనా చాలు” అంది, ఆ మొహంలో రెండు రోజుల తర్వాత కాస్త రంగు వచ్చింది.

హరికిషన్‌కి మోండా మార్కెట్ సందులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే షాపు ఉంది. యాభై ఏళ్లుంటాయి, మీసానికి రంగేస్తాడు. మేము వెళ్లేసరికి మూల టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన పురుషోత్తం. పురుషోత్తానికి పుస్తకాల షాపు ఉంది గానీ అసలు పని మాత్రం హరికిషన్ గాలి తీయడం.

“రా బిడ్డా, కూసో” అన్నాడు హరికిషన్ క్యారల్‌ని చూసి. “దాస్ సార్ ఫోన్ల అంత చెప్పిండు. నువ్వు జెర సుత పరేషాన్ గాకు. చాయ్ తాగుతవా? అరే, ఇంకో రెండు చాయ్! ఇగ ఇను. గిది నేను గొప్పకు చెప్పుకునుడు కాదు, అడిగిన్రు కాబట్టి చెప్తున్న.”

“అడగకపోయినా చెప్తడు” అన్నాడు పురుషోత్తం.

“నువ్వు జెర నోరు మూయి. మొన్న శనివారం, బిడ్డా, రాఘవేందర్ గేమింగ్ సెంటర్ల ఏసీ స్టెబిలైజర్ గుయ్యిమంటున్నదని పిలిస్తే పోయిన. ఐదు నిమిషాల పని. స్క్రూ లూజు, బిగించిన, ఖతం. సంచి సర్దుకుంటున్న. చూస్తే గోడ పక్కన నాలుగో నంబర్ సీటు ఖాళీగ ఉన్నది. ముందట మా ఇంటి దర్వాజంత టీవీ. రిమోట్ ఆడనే ఉన్నది, గేమ్ షురూ అయ్యే ఉన్నది. సరే, ఐదు నిమిషాలు కూసుందాం అని కూసున్న. గంతే.”

“గంతేనా? ఇగ పోదాం పా సార్” అని పురుషోత్తం లేవబోయాడు.

“కూసోరా! బిడ్డా, నీకు తెల్వది, మా జమానల గేమంటే ఏంది? స్టేషన్ ముందట షాపుల ఓ డబ్బా. బిళ్ల ఏస్తే ఇద్దరు చదరం మనుషులు వచ్చి గుద్దుకునేది. మొఖమేదో మోకాలేదో తెల్వకపోయేది. నెత్తురంటే నాలుగు ఎర్ర చుక్కలు, ఎగిరి మాయమైపోయేది. గా యాదితోని కూసున్న నేను. కూసొని టీవీల చూసిన. కసం చెప్తున్న, నోరు తెరిచిన గాని మూసుడు మరిచిపోయిన. వాన పడుతున్నది అండ్ల. వాన అంటే గీతలు కాదు, వాన! వాని మెడ మీదికెల్లి నీళ్లు జారి బనీన్ల ఇంకుతున్నయ్. బనీను తడిసి ఒంటికి అతుక్కుంటున్నది. తడి బండ మీద వాని మడిమ జెర జారితే, వాని మొఖంల భయం కనబడ్డది బిడ్డా. బొమ్మ మొఖంల భయం! ఒక్క గుద్దు పడ్డది. చెంప ఎర్రగైంది. రెండో రౌండు వరకు గదే చెంప కమిలి నీలమైంది.”

“అవునంకుల్, ఈ బోన్ బజార్‌లో దెబ్బలు అలాగే ఉండిపోతాయి” అంది క్యారల్, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంటూ. “మీరు ఎవరితో ఆడారు?”

“గ్రానీ వోల్ట్.”

క్యారల్ చాయ్ కప్పు కింద పెట్టేసింది. “గ్రానీ వోల్టా!”

“మరేందనుకున్నవ్? డెబ్బై ఏండ్ల ముసలామె సార్” అని నా వైపు తిరిగాడు, “నెత్తి మీద కొప్పు, కండ్లద్దాలు, చేతిల స్వెట్టర్ అల్లే సూదులు. చూస్తే పాపం అనిపిస్తది. ఆ సూదులల్ల కరెంటు ఉన్నది. చుట్టు కండలు తిరిగిన పోరగాండ్లు నిలబడ్డరు. వాళ్ల నడుమ గీ ముసలామె కండ్లద్దాలు తుడుసుకుంట నిలబడ్డది. నాకైతే మా అమ్మమ్మ యాదికొచ్చింది. అయ్యో ఈమెను నేను కాపాడాలె అనుకున్న. ఏడ కాపాడుడు? ఆమెనే అందర్ని ఉతికి ఆరేసింది.”

“పెదనాన్నా, ఆమెను ఆడించడం అన్నిటికన్నా కష్టం” అని క్యారల్ నాకు చెప్పింది. “ఆషర్ రెండు నెలలు కష్టపడ్డాడు, వరసగా నాలుగు దెబ్బలు మించి రాలేదు. మీకెన్ని వచ్చాయంకుల్?”

“పదకొండు.”

నేను అలవాటు కొద్దీ పదితో భాగించాను. ఒకటి పాయింట్ ఒకటి. అంతేలే అనుకుని క్యారల్ వైపు చూశాను. క్యారల్ కళ్లు ఇంతింత చేసింది.

“గ్రానీకి అత్యధికంగా పదకొండే వస్తాయి పెదనాన్నా. పన్నెండోది లేదు. ఆ సంగతి ఆడేవాళ్లలోనే చాలామందికి తెలీదు. అంకుల్, ఆఖరి దెబ్బ ఎలా ఉంటుంది?”

“సూది నేలల గుచ్చుతది. తడి బండ మీద కరెంటు పాము లెక్క పాక్కుంట పోయి వాని కాళ్లకు సుట్టుకుంటది. వాడు పడ్డంక, ఆమె దారపు ఉండ కింద పడితే వంగి ఏరుకుంటది. నడుము పట్టుకొని లేస్తది. గా నడుము పట్టుకునుడు చూసి నాకు ఏడుపొచ్చింది బిడ్డా. గంత బాగ ఎవడు చేసిండు? ఏ దేశంల కూసొని, ఏ ముసలామెను చూసి చేసిండు?”

ఆ మాట అన్నప్పుడు హరికిషన్ గొంతు నిజంగానే తగ్గింది. క్యారల్ నా చెయ్యి నొక్కి, “పెదనాన్నా, అక్షరాలా అంతే” అంది. హమ్మయ్య, పిల్లకి జోడీ దొరికింది అనుకున్నాను.

“రాఘవేందర్ అన్నకి మెసేజ్ పెడుతున్నాను. ఆరింటిలోపు ఇక్కడికే వచ్చి పేరు రాసుకుంటారు” అని క్యారల్ ఫోన్ తీసింది. “అంకుల్, రూలు ఇది. ముందు నేను ఆడతాను. నేను ఓడిపోతే మీరు దిగాలి. ఆ గెలిచినవాణ్ణి మీరు కొట్టాలి. కొడతారు కదా?”

“కొట్టుడా?” హరికిషన్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంకొకరైతే సరే అని ఊరుకుందురు. హరికిషన్‌కి పొగిడేవాళ్లు దొరికితే ఊరుకోవడం తెలీదు. “బిడ్డా, ఒక్క ముచ్చట చెప్త ఇను. నడుమల రాఘవేందర్ చాయ్ పంపిండు. వేడి చాయ్. రిమోట్ ఒళ్లె పెట్టి రెండు చేతులతోని కప్పు పట్టుకున్న. గ్రానీ ఆగిందా? ఆగలే! కొడుతనే ఉన్నది!”

“రిమోట్ ఒళ్లె పెడితే ఎట్ల కొడతదిరా?” అన్నాడు పురుషోత్తం.

“గ్రైండర్ స్విచ్ బంద్ చేసినంక సుత రాయి జెరసేపు తిరుగుతది గదా? గట్లనే. నా ఊపు అంత ఉన్నది దాంట్ల. చాయ్ అయిపోయే లోపల ముగ్గురు పడ్డరు. ఇగ చుట్టు జనం. ముందుగాల పది మంది. మల్ల చూస్తే యాభై మంది. మెట్ల మీద జనం, మెట్ల కింద జనం, కింద రోడ్డు మీద ఆటోలు ఆపి ఆటోవాలాలు పైకి చూస్తున్నరు. కనబడతదా వాళ్లకు? కనబడదు. మరి ఏం చూస్తున్నరు? లోపల ఎవడో మొగోడు ఆడుతున్నడు అని కిటికీని చూస్తున్నరు!

“ఆఖరు ఫైట్‌ల ఎవడొచ్చిండో ఎర్కేనా? రాయితోని చేసిన మనిషి. తొమ్మిదడుగులు. అడుగేస్తే దుమ్ము లేస్తున్నది, ఆ దుమ్ము వాని మోకాళ్ల మీదనే మల్ల పడుతున్నది, గంత బారీకుగ చేసిన్రు. నేను అన్ని బటన్లు ఒక్కసారి ఒత్తిన.”

“పది వేళ్లతోనా?”

“మోచేతితోని సుత ఒత్తిన. గ్రానీ సూది తిప్పింది. మెరుపు! గా మెరుపుకు సెంటర్ల ట్యూబులైట్లు డబుల్ వెలిగినయ్. కింద ఇస్త్రీ షాపాయనది బొగ్గుల పెట్టె, దాంట్ల బొగ్గే ఎయ్యలే, వేడెక్కింది! కరెంటు మీటరు ఎనకకు తిరిగింది.”

“మీటరు ఎనకకా?” పురుషోత్తం పొలమారి దగ్గాడు.

“ఎనకకే. నేను మోటర్ల మనిషిని, నాకు ఎర్క ఉండదా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదే అసలు కిస్సా. గేమ్‌కే బుగులు పుట్టింది. ఇగ వీనితోని నాతోని కాదు అని, గా కొట్లాట గేమ్ దానంతటదే బంద్ అయ్యి, వేరే గేమ్ షురూ అయింది. నేను ఏం ఒత్తలే. గేమే నాకు ప్రమోషన్ ఇచ్చింది! తుపాకుల గేమ్. ‘లాస్ట్ ప్లాట్‌ఫాం’ అని పేరొచ్చింది.”

“అది కూడా కొత్తదే. పోయిన నెలే వచ్చింది” అంది క్యారల్, కానీ ఈసారి భుజాలు కొంచెం కదిలించింది, ఏదో అర్థం కానట్టు.

“బిడ్డా, గది గేమ్ కాదు. రైల్వే స్టేషన్. మన సికింద్రాబాద్ స్టేషనే అనుకో, కాకపోతే అంత మంచు పడ్డది, మనిషి లేడు. ఆగిపోయిన గడియారం. ఒక బెంచీ. బెంచీ కింద తెరిచిన సూట్‌కేసు, దాంట్ల మడతపెట్టిన చిన్నపోరల స్వెట్టరు. ఎవల్దో, ఏమైన్రో! హెడ్‌ఫోన్ పెట్టుకున్న. ఎనకకెల్లి మంచుల అడుగుల చప్పుడు. కర్ కర్ కర్. నిజంగ నేను ఎనకకు తిరిగిన సార్! చూస్తే ఎవ్వరు లేరు, నేను బాగుచేసిన స్టెబిలైజర్ ఉన్నది. ముందటికి తిరిగిన. తుపాకి పేలింది. గోడకు రంధ్రం పడ్డది. ఆ రంధ్రంలకెల్లి ఎండ లోపలికొచ్చింది. దుమ్ములకెల్లి ఎండ. ఏ పూటదో తెల్వదు, పచ్చగ ఉన్నది. తుపాకి కింద పడేసి గా ఎండల కూసోబుద్ధయింది నాకు. మనం మిక్సీల బొగ్గు బ్రష్షులు మార్చుకుంట బతికినం, లోకంల మనుషులు ఎండను సుత చేస్తున్నరు బిడ్డా. నాకు మస్తు ఆశ్చర్యమైంది.”

ఇంత మాట చెప్పి ఒక్క నిమిషం అలాగే ఉంటే ఎంత బాగుండేది! ఉండడు కదా.

“ఇంకో వింత. నేను రిమోట్ ఎడమకు తిప్పితే మనోడు కుడికి పోయిండు. ఏందిరా అనుకునే లోపల, కుడికి దుష్మన్ దాక్కొని ఉన్నడు! అంటే ఏంది? గా గేమ్‌కు నా చెయ్యికంటే నా మనసు ఎక్కువ ఎర్క. ఇగ షురూ చేసిన. ధన్ ధన్ ధన్. గా చప్పుడుకు మారేడ్‌పల్లిల ఉన్న పావురాలన్ని ఒక్కసారి లేచినయ్. ఐదు నిమిషాలు ఎండ పడలే కింద. బట్టలు ఆరేసినోళ్లు మబ్బు పట్టిందని తీసుకున్నరు. చప్పుడు కంటోన్మెంట్ దాక పోయింది. జీపులు! మేజర్ వచ్చిండు, మీసం గింత. ‘ఫైరింగ్ కౌన్ కర్రా?’ అన్నడు. నేను తిరిగి చూడలే. చూస్తే గేమ్‌ల చస్త గదా? ‘సాబ్, దో మినిట్’ అన్న.”

“మేజర్‌ను దో మినిట్ ఆపినవా?”

“నిలబడ్డడు! చేతులు ఎనక కట్టుకొని, స్కూల్ పోరడి లెక్క నిలబడి చూసిండు. దో మినిట్లల్ల నలభై మంది పడ్డరు. టోపీ తీసిండు, మల్ల పెట్టుకున్నడు, సెల్యూట్ కొట్టిండు. ‘మా పిల్లలకు జెర చెప్తరా?’ అని అడిగిండు. ‘షాపు బంద్ చేసే తీరిక లేదు సాబ్’ అన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఇంక ఏమైతదిరా నాయనా” అన్నాడు పురుషోత్తం కళ్లు తుడుచుకుంటూ.

“గేమ్‌ల ఉన్న దుష్మన్లు తుపాకులు కింద పెట్టిన్రు. చేతులు లేపిన్రు. స్తంభాల ఎనకకెల్లి ఒక్కొక్కడు బయటికొచ్చిండు. అండ్ల ఒకడు టీవీ అద్దం దాక వచ్చి, చలికి గజగజ వణుక్కుంట, ‘అన్నా, మాకు కొట్లాట వద్దు, ఇంటికి పోతం. కాజీపేట బండి ఎన్నో నంబర్ మీదికొస్తది?’ అని అడిగిండు.”

“తెలుగులనా?”

“మరి నేను తెలుగోన్ని గదా? నన్ను చూసినంక వేరే భాష ఎట్లొస్తది? ఒకటో నంబర్ అని చెప్పిన. పోయిన్రు. ఆ దినం కాజీపేట బండి చూసిన్రా మీరు? నిలబడనీకి జాగ లేదు. ఎందుకనుకున్నరు మరి!”

ఆ దుష్మన్‌ని పదితో ఎలా భాగించాలో నాకు తెలియలేదు. పక్క టేబుల్ వాళ్లు కూడా కుర్చీలు ఇటు తిప్పుకుని నవ్వుతున్నారు. క్యారల్ నవ్వింది గానీ గోడ గడియారం వైపు చూసి నా చెవి దగ్గరికి వంగింది.

“పైవన్నీ తీసెయ్యండి పెదనాన్నా. మేజర్ లేడు, పావురాలూ లేవు, నాకు తెలుసు. కానీ పదకొండు దెబ్బలు, దారపు ఉండ ఏరుకోవడం, అవి కల్పించి చెప్పలేరు కదా. అవి చూసినవాళ్లకే తెలుస్తాయి. ఈయన ఉంటే నాకు భయం లేదు.”

“భయం లేదమ్మా” అన్నాను నేను, నా లెక్క మీద నాకున్న నమ్మకంతో.

ఇరవై తక్కువ ఆరింటికి రాఘవేందర్ వచ్చాడు. గేమింగ్ సెంటర్ అతనిదే, ఆదివారం పోటీ పేర్లు రాసుకునేదీ అతనే. ముప్పై ఏళ్ల కుర్రవాడు, మర్యాదస్తుడు. అతన్ని చూడగానే హరికిషన్ తడబడతాడేమో అనుకున్నాను. లేదు, లేచి నిలబడి చెయ్యి పట్టుకుని మరీ లాక్కొచ్చాడు.

“ఇగో, సాక్షి వచ్చిండు! పురుషోత్తం, ఇప్పుడు ఇను నువ్వు. చెప్పు రాఘవేందర్, శనివారం నాలుగో నంబర్ సీట్ల నేను కూసున్ననా లేదా?”

“కూసున్నరన్నా.”

“ఎంత సేపు?”

“గంటన్నర.”

“గ్రానీ పదకొండు దెబ్బలు కొట్టిందా లేదా?”

“కొట్టింది.”

“నేను పోయేటప్పుడు ఎంతయిందని అడిగితే పైసలు తీసుకున్నవా?”

“తీసుకోలేదన్నా.”

“ఎందుకు తీసుకోలే? అందరికి ఇనబడేటట్టు చెప్పు!”

రాఘవేందర్ మెడ గోక్కున్నాడు. మా అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

“చెప్పవయ్యా, సిగ్గెందుకు?” అన్నాడు హరికిషన్ మీసం దువ్వుతూ.

“ఆడితే తీసుకుంట గదన్నా.”

రాఘవేందర్ కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పు తనదే అన్నట్టు మెల్లగా చెప్పాడు.

“నాలుగో నంబర్ సీటు ఆడనీకి కాదన్నా, చూపెట్టనీకి. కొత్త గేములు ఎట్లుంటయో వచ్చినోళ్లు చూడాలె అని డెమో పెట్టిన. అది దానంతటదే ఆడుకుంటది. ఒక గేమ్ అయినంక ఇంకోటి వస్తది. మీ చేతిల ఉన్న రిమోట్ పాడైంది, దాంట్ల బ్యాటరీ సుత లేదు. రిపేర్‌కు ఇద్దామని ఆడ పక్కన పెట్టిన.”

“మరి అప్పుడే చెప్పచ్చు కదన్నా!” అంది క్యారల్.

“చెప్దామనే వచ్చిన. రెండుసార్లు వచ్చి ఎనక నిలబడ్డ. అన్న మొఖం చూసినంక నోరు రాలే. అట్ల ఖుషీగ ఆడేటోన్ని నేను మా సెంటర్ల చూడలే. ఇగ ఏం చెప్తం? చాయ్ పంపిచ్చిన.”

పదిహేనేళ్లుగా హరికిషన్ని పట్టుకోవడానికి కాచుకుని కూర్చున్న పురుషోత్తం ఇప్పుడు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

“గ్రానీ... నేను ఒత్తినట్టే కొట్టింది గదా రాఘవేందర్?”

“లేదన్నా.”

“ఒక్క దెబ్బ సుత?”

“ఒక్కటి సుత కాదన్నా.”

హరికిషన్ చేతులు రెండూ టేబుల్ కిందికి తీసుకున్నాడు. తర్వాత క్యారల్ వైపు తిరిగాడు.

“నాకు ఆడనీకి రాదు బిడ్డా. మేజర్ రాలే. పావురాలు లేవు, జనం సుత లేరు. గదంత నేను కలిపిన. కానీ గ్రానీని మాత్రం నేనే ఆడిస్తున్న అనుకున్న. అబద్ధం చెప్పలే, నిజంగ అనుకున్న. నీ పని ఖరాబ్ చేసిన. మాఫ్ చెయ్.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పై అబద్ధాలన్నీ భాగించుకుంటూ వచ్చాను గానీ, అడుగున ఏమైనా ఉందా లేదా అని ఒక్కసారీ చూడలేదు. ముప్పై రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషిని, ఇంటి పిల్లని తీసుకొచ్చి ఇలా కూలబెట్టాను. ఆరింటికి పది నిమిషాలుంది. క్యారల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసి ఎవరికో చెయ్యబోయింది, మళ్లీ లోపల పెట్టేసింది. చెయ్యడానికి ఎవరూ లేరు.

కాసేపు టేబుల్ మీద వేళ్లతో దరువేసింది. తర్వాత ముక్కు తుడుచుకుని రాఘవేందర్ని అడిగింది.

“అన్నా, రెండో మనిషి ఎప్పుడు దిగాలి?”

“నువ్వు ఓడినంకనే.”

“ఓడకపోతే?”

“కూసొని చూసుడే. కానీ మనిషి మాత్రం పక్కన ఉండాలె.”

“అయితే రాసుకోండి. హరికిషన్.”

“బిడ్డా!” హరికిషన్ కుర్చీలోంచి లేచాడు. “నీకు చెప్తున్న గదా, నాకు ఒక్క బటన్ సుత తెల్వదు!”

“తెలుసంకుల్. ఆషర్ పక్కనుంటే, నేను ఓడినా వాడున్నాడులే అనుకునేదాన్ని. ఆ ధీమాతోనే చాలాసార్లు ఓడిపోయాను. ఇప్పుడు నేను ఓడితే దిగేది మీరు. ఆ మాట తలుచుకుంటేనే నాకు కాళ్లు వణుకుతున్నాయి. ఇంక నేను ఓడను.”

అప్పుడు నవ్వాడు పురుషోత్తం. చాయ్ చొక్కా మీద ఒలికిపోయేలా నవ్వాడు. రాఘవేందర్ నవ్వుతూనే ఫోన్లో పేరు రాసుకున్నాడు. హరికిషన్ మాత్రం నవ్వలేదు. నడుము నిటారుగా చేశాడు, చేతులు రెండూ టేబుల్ మీదికి తీసుకొచ్చాడు.

“ఇన్నవా పురుషోత్తం?” అన్నాడు. “నేను ఇంక రిమోట్ ముట్టనే లేదు, అప్పుడే కాళ్లు వణుకుతున్నయట.”